ఐఐఎం అహ్మదాబాద్, ఐఎస్‌బీ హైదరాబాద్: మార్కెట్ పట్టు ఎక్కడెంత?

మేనేజ్‌మెంట్ చదువు చెప్పే ఐఐఎం (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్) అహ్మదాబాద్‌ను 1961లో కేంద్రం, గుజరాత్ ప్రభుత్వం, పరిశ్రమలు కలిసి పెట్టాయి. అదే చదువు చెప్పే ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) హైదరాబాద్ గచ్చిబౌలిలో 2001లో ప్రైవేటు విరాళాలతో మొదలైంది. పుట్టుకలో ఇంత తేడా ఉన్నా, ఫీజుల దగ్గరికొచ్చేసరికి రెండూ ఒకే మార్కెట్ దారి పట్టాయి.

2004లో కేంద్రమంత్రి మురళీ మనోహర్ జోషి ఐఐఎంల ఫీజును ఏడాదికి లక్షన్నర నుంచి 30 వేలకు తగ్గించమన్నారు. ప్రభుత్వం మారాక ఆ నిర్ణయం నిలవలేదు. ఇప్పుడు అహ్మదాబాద్‌లో రెండేళ్ల కోర్సు ఫీజు 20 లక్షలు దాటింది. ఐఎస్‌బీ ఏడాది కోర్సుకు అంతకన్నా ఎక్కువే. లోన్ తీసుకుని చేరిన పిల్లాడికి మొదటిరోజు నుంచే ఈఎంఐ టెన్షన్. పల్లెల్లో పనిచేసే సంస్థలో చేరాలని మనసులో ఉన్నా, పెద్ద జీతమిచ్చే కన్సల్టింగ్ కంపెనీకే అప్లికేషన్ పెడతాడు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

చదివే తీరులో మాత్రం తేడా ఉంది. ఐఎస్‌బీ ఏడాది కోర్సు ఉద్యోగ అనుభవం ఉన్నవాళ్ల కోసం. ఒక్క ఏడాదే కాబట్టి జీతం నష్టం తక్కువ, కానీ వేసవి ఇంటర్న్‌షిప్ ఉండదు. అహ్మదాబాద్ రెండేళ్ల కోర్సులో అది ఉంటుంది, తీరిగ్గా ఆలోచించుకునే వీలూ ఉంటుంది.

మార్కెట్ తనంతట తాను ఇవ్వనిది ఇంకొకటుంది: రిజర్వేషన్. ఐఐఎంలలో ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకు చట్టప్రకారం సీట్లున్నాయి. ఐఎస్‌బీలో ఆ కోటా లేదు, స్కాలర్‌షిప్‌లే ఆధారం. ఈ ఒక్క కారణంతోనే నా ఓటు అహ్మదాబాద్‌కి.