అట్లాంటిక్ దాటే చవక బిజినెస్ క్లాస్: పడక బాగుంది, చిక్కంతా పారిస్‌లోనే

పాలమూరు, నల్లగొండ వైపు నుంచి న్యూజెర్సీలో పిల్లల దగ్గరికి పోయే అమ్మానాన్నలకు కొందరు ఏజెంట్లు ఒక మాట చెప్పి టికెట్ అంటగడుతున్నారు: "ఇంకొంచెం కలిపితే బిజినెస్ క్లాస్, అమెరికా దాకా పడుకుని పోవచ్చు." ఇందులో సగమే నిజం. పడుకునేది పారిస్ నుంచి న్యూజెర్సీలోని నెవార్క్ విమానాశ్రయం దాకానే. శంషాబాద్ నుంచి యూరప్ దాకా తొమ్మిది పది గంటలు మామూలు సీట్లోనే కూర్చోవాలి. అంతకంటే పెద్ద సంగతి షెంజెన్ వీసా, అంటే ఫ్రాన్స్, ఇటలీ లాంటి యూరప్ దేశాల్లో అడుగుపెట్టడానికి ఇచ్చే ఉమ్మడి వీసా. అది లేకుండా పారిస్‌లో ఒక విమానాశ్రయం నుంచి ఇంకో విమానాశ్రయానికి పోనివ్వరు. టికెట్ అమ్మేటప్పుడు ఈ ముక్క ఎవరూ నోరెత్తి చెప్పరు. చెక్-ఇన్ కౌంటర్ దగ్గర బయటపడుతుంది. అప్పటికి పైసలు పోయినట్టే.

విమానం మాత్రం నిజంగా మంచిది, అది ఒప్పుకోవాలి. నడిపేది లా కాంపనీ అనే ఫ్రెంచి సంస్థ. 2014లో బోయింగ్ 757లతో మొదలుపెట్టారు. అప్పటి సీటు కొంచెం ఏటవాలుగా ఆగిపోయేది, నిద్రలో మనిషి కిందికి జారేవాడు. 2019లో ఎయిర్‌బస్ ఏ321నియోలు వచ్చాక సీటు పూర్తిగా మంచంలా చదునుగా పరుచుకుంటోంది. వేరే సంస్థలు రెండు వందల మంది దాకా ఎక్కించే విమానంలో వీళ్లు పెట్టింది 76 సీట్లే. వెనక ఎకానమీ అనేదే లేదు. మధ్యలో ఒకే నడవ, అటు రెండు సీట్లు, ఇటు రెండు. వైఫై ఉచితం, లౌంజ్ టికెట్‌లోనే కలిసి ఉంటుంది, 32 కిలోల పెట్టెలు రెండు ఇస్తారు. ఆఫర్లలో పారిస్–నెవార్క్ రానుపోను తక్కువకు దొరుకుతుంది, వేసవిలో ధర పెరుగుతుంది. పెద్ద సంస్థల బిజినెస్ క్లాస్‌తో పోలిస్తే ఇది మంచి ధరే.

సీటు ఎంచుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు రాత్రి బాత్రూంకు లేవాలంటే, పడుకున్న పక్కమనిషి కాళ్లు దాటి రావాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అది చేతకాదు. కాబట్టి అత్తమ్మకో నాయనకో నడవ పక్క సీటు, కిటికీ పక్క వయసులో ఉన్నవాళ్లకు. భార్యాభర్తలైతే ఈ అమరిక హాయిగా ఉంటుంది, ఒంటరిగా పోయే ఆడవాళ్లకు పక్కన తెలియని మనిషి పడితే ఇబ్బందే. పాదాలు ముందు సీటు కింద ఉన్న చిన్న గూట్లోకి పోతాయి. పొడుగువాళ్లకు, పక్కకు తిరిగి ముడుచుకుని పడుకునే అలవాటున్నవాళ్లకు ఆ గూడు ఇరుకు. మొదటి వరుసలో కాళ్లకు చోటు ఎక్కువ, దొరికితే అదే తీసుకోవాలి.

పడక విలువ తెలిసేది పోయేటప్పుడు కాదు, వచ్చేటప్పుడు. పారిస్ నుంచి పోయేది పగటి ప్రయాణం, ఎనిమిది గంటలకు పైనే. తిని, సినిమా చూసి, కునుకు తీసేసరికి నెవార్క్ వస్తుంది. తిరుగు ప్రయాణం రాత్రిది. వెనకగాలి తోడై ఏడు గంటల్లో దింపేస్తుంది. అందులో భోజనానికి గంటన్నర, దిగే ముందు టిఫిను, సీటు నిటారుగా చేయించడం, ఇవన్నీ పోగా మిగిలే నిద్ర నాలుగున్నర గంటలు. అందుకే నెవార్క్ లౌంజ్‌లోనే తినేసి, విమానం ఎక్కగానే భోజనం వద్దని చెప్పి పడుకోవడం మేలు. భోజనం ఫ్రెంచి పద్ధతి: చిన్న చిన్న పళ్లేలు, చీజ్, వైన్. శాకాహారమని బుకింగ్‌లోనే రాయించాలి. కారం లేని ఆ తిండి ముందు మన పెద్దవాళ్ల మొహం ఎలా ఉంటుందో తెలిసిందే కాబట్టి, చేతిసంచిలో సకినాలు, పొడి కారం ఉంటే గొడవ ఉండదు.

ఇప్పుడు అసలు చిక్కు. మన వైపు నుంచి పోయే పెద్ద విమానాలు దాదాపు అన్నీ పారిస్‌లోని చార్లెస్ డి గాల్ విమానాశ్రయంలో దిగుతాయి. లా కాంపనీ విమానం లేచేది ఊరికి అటు పక్క ఉన్న ఓర్లీ విమానాశ్రయంలో. రెండూ వేర్వేరు టికెట్లు. పెట్టెలు మీరే తీసుకుని, ఇమిగ్రేషన్ దాటి, ఫ్రాన్స్‌లోకి వచ్చి, మళ్లీ అక్కడ చెక్-ఇన్ చేయాలి. "అమెరికా వీసా ఉంటే ట్రాన్సిట్ వీసా అక్కర్లేదు కదా" అంటారు. విమానాశ్రయం లోపలే ఉండి విమానం మారేవాళ్లకే ఆ మినహాయింపు. బయటికి అడుగు పెట్టాలంటే షెంజెన్ వీసా ఉండాల్సిందే. గ్రీన్ కార్డు ఉన్నా, చేతిలో ఉన్నది ఇండియా పాస్‌పోర్టు అయితే అంతే.

వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు. వీసా అప్లికేషన్లు తీసుకునే హైదరాబాద్ వీఎఫ్ఎస్ కేంద్రం సర్వీసు ఫీజు దానికి అదనం. కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, పదిహేను రోజుల కంటే ఆలస్యం కాకూడదు. అప్లికేషన్‌లో సింగిల్ ఎంట్రీ (ఒక్కసారే ప్రవేశం) అని ఉంటే పోవడానికే పనికొస్తుంది, రావడానికి పనికిరాదు. డబులో మల్టిపులో అడగాలి. అది ఇచ్చినా, మొదటిసారి అప్లై చేసేవాళ్లకు చాలాసార్లు తక్కువ గడువుతోనే వస్తుంది. పిల్లల దగ్గర ఐదారు నెలలు ఉండి వచ్చే అమ్మానాన్నల తిరుగు ప్రయాణం నాటికి ఆ గడువు అయిపోతుంది. విజిటర్‌గా ఉంటూ అమెరికాలో షెంజెన్‌కు అప్లై చేయాలంటే, సొంత దేశంలో ఎందుకు చేయలేదో కారణం చూపాలి. అది తేలికైన పని కాదు. రానుపోను టికెట్ కొనే ముందు వీసా చేతికి రావాలి, దాని మీద తేదీలు చదవాలి. ఏజెంటు తొందరపెట్టినా సరే.

చార్లెస్ డి గాల్ నుంచి ఓర్లీకి రైలు మార్గం: ఆర్ఈఆర్ బి అనే లోకల్ రైల్లో షాట్‌లే స్టేషన్ దాకా, అక్కడ మెట్రో 14. ఆ మెట్రో 2024 జూన్ నుంచి నేరుగా ఓర్లీకి పోతోంది. 2025లో విమానాశ్రయం టికెట్ మనిషికి 13 యూరోలు. గంటన్నర పడుతుంది, షాట్‌లేలో మెట్లు, జనం. పెద్ద పెట్టెలతో పెద్దవాళ్లను ఆ దారిన తీసుకుపోవద్దు, టాక్సీయే నయం. అయితే చార్లెస్ డి గాల్ నుంచి ఊళ్లోకి ఉన్న ఖాయం ధరలు రెండు విమానాశ్రయాల మధ్య వర్తించవు, మీటరే. ఓర్లీలో రాత్రి పదకొండున్నర నుంచి ఉదయం ఆరు దాకా విమానాలు ఎగరవు. మధ్యలో ఒక రాత్రి పెట్టుకుని, ఓర్లీ దగ్గర హోటల్లో ఆగడమే క్షేమం. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే, వేర్వేరు టికెట్లు కాబట్టి ఎవరూ బాధ్యత తీసుకోరు. 2025 అక్టోబర్ 12 నుంచి యూరప్ సరిహద్దుల్లో ఫొటో తీసి నమోదు చేసే కొత్త పద్ధతి మొదలైంది, లైన్లో ఇంకొంత సమయం పోతుంది.

పెట్టె సర్దేటప్పుడు బరువు లెక్క చూడాలి. హైదరాబాద్–యూరప్ టికెట్ మీద 23 కిలోలే ఉంటే, తర్వాతి విమానం 64 కిలోలు ఇచ్చినా లాభం లేదు. ఇంకోటి, పెట్టెలతో యూరప్‌లోకి దిగుతారు కాబట్టి అక్కడి నియమాలూ వర్తిస్తాయి. బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తేవద్దు. అంటే అమ్మ కాచిన నెయ్యి, పాలకోవా, మటన్ తొక్కు, అన్నీ కస్టమ్స్ చెత్తబుట్టలోకే. పచ్చి కరివేపాకు కూడా వద్దు. మామిడి తొక్కు, చింతకాయ తొక్కు, పల్లీ పొడితో ఈ గొడవ లేదు. అమెరికాలో మాత్రం తిండి ఏది ఉన్నా కస్టమ్స్‌కు చెప్పాలి.

ఇదే సంస్థ 2022 నుంచి ఇటలీలోని మిలాన్ మాల్పెన్సా విమానాశ్రయం నుంచి కూడా నెవార్క్‌కు ఎగురుతోంది. పారిస్ కంటే అదే మనవాళ్లకు తగినది. దుబాయ్, దోహా మీదుగా వచ్చే గల్ఫ్ విమానాలు కూడా మాల్పెన్సాలోనే దిగుతాయి, ఊరు దాటే పని లేదు. వీసా ఇటలీది తీసుకోవాలి. ఆ విమానం ఏ రోజుల్లో ఉందో చూసుకుని, మొదటి టికెట్ దానికి సరిపడా కొనాలి.

చిన్న సంస్థ అనే భయం అనవసరమైనదేమీ కాదు. అట్లాంటిక్ మీద అచ్చంగా బిజినెస్ క్లాసే నడిపిన మాక్స్‌జెట్ 2007 డిసెంబర్‌లో, ఈయోస్ 2008 ఏప్రిల్‌లో, సిల్వర్‌జెట్ అదే ఏడాది మేలో మూతపడ్డాయి. ఇంధనం ధర పెరిగింది, సీట్లు తక్కువ, విమానాలు తక్కువ. వీళ్ల దగ్గరా విమానాలు కొన్నే, ఒకటి చెడితే బదులు వెంటనే దొరకదు. అందుకే టికెట్ క్రెడిట్ కార్డు మీదే కొనాలి. ఏజెంటుకు నగదు, యూపీఐ ఇవ్వొద్దు. సంస్థ యూరప్‌ది కాబట్టి రెండు వైపులా యూరప్ పరిహార నియమం వర్తిస్తుంది: ప్రయాణానికి రెండు వారాల లోపు చెప్పి విమానం రద్దు చేస్తే, నాలుగు గంటలకు పైగా ఆలస్యంగా చేరితే మనిషికి 600 యూరోలు, మూడు నుంచి నాలుగు గంటలైతే సగానికి తగ్గించవచ్చు. వాతావరణం, విమానాల రాకపోకలు చూసే కంట్రోలర్ల సమ్మె అయితే పరిహారం రాదు, తిండి, బస మాత్రం చూడాలి. బోర్డింగ్ పాసు పారేయకుండా ఉంచుకోవాలి.

నెవార్క్‌లో దిగడం న్యూజెర్సీలో ఎడిసన్, ఐజలిన్ వైపు ఇల్లున్నవాళ్లకు బాగా కలిసొస్తుంది, జేఎఫ్‌కే విమానాశ్రయం నుంచి లాగా న్యూయార్క్ దాటి రావక్కర్లేదు. వీల్‌చైర్ ఉచితం, 48 గంటల ముందు రెండు సంస్థలకూ విడివిడిగా చెప్పాలి. ఒక విమానాశ్రయం గేటు దగ్గర వదిలేసిన వీల్‌చైర్ మనిషి రెండో విమానాశ్రయానికి రాడు. ఆ మధ్య దారిలో పెద్దవాళ్లకు తోడు ఇంకొకరు ఉండి తీరాలి.