డెల్టా రోడ్ల మీద ట్యాక్సీకి అక్కరకొచ్చే సామాన్లు

రాజమండ్రిలో ఉంటూ యాప్ బుకింగులూ, తెలిసినవాళ్ల ఫోన్ బేరాలూ కలిపి కొన్నేళ్లుగా కారు తిప్పుతున్నాను. ట్యాక్సీ కొత్తగా కొన్న తమ్ముళ్లు ఏం కొనాలని అడిగితే నేను మొదట చెప్పేది గాలి పంపు.

రాజోలు దాటి అంతర్వేది వైపు వెళ్తే రాత్రిపూట పంక్చర్ షాపు దొరకడం కష్టం. కాలవ గట్టు మీద నేల మెత్తన, జాకీ దిగబడిపోతుంది. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగితే దాన్ని పీకకుండా గాలి కొట్టుకోండి. చాలాసార్లు మెల్లగా దగ్గర్లో ఉన్న ఊరు చేరిపోవచ్చు, పిల్లలతో ఉన్నవాళ్లని చీకట్లో కిందికి దింపక్కర్లేదు. టైరు పక్క చిరిగితే మాత్రం ఏ పంపూ పనికిరాదు, స్టెప్నీ వెయ్యాల్సిందే.

చార్జింగ్ పంపు కన్నా 12 వోల్టుల సాకెట్‌కి పెట్టే వైరు పంపే నాకు నచ్చింది. చార్జింగ్‌ది నెలల తరబడి డిక్కీలో ఎండకి మగ్గి, అవసరానికి తీసేసరికి చార్జింగ్ ఉండదు. వైరు వెనక టైరు దాకా అందుతుందో లేదో కొనేముందే చూసుకోండి. ఇంజన్ ఆన్‌లో ఉంచి కొట్టండి, వేడెక్కితే కాసేపు ఆపండి. గాలి కొలవాల్సింది పొద్దున్నే, బండి కదలకముందు. ఎండలో తిరిగొచ్చాక చూస్తే రీడింగ్ ఎక్కువే చూపిస్తుంది.

తర్వాత డాష్‌క్యామ్, అంటే ముందు అద్దం దగ్గర పెట్టి రోడ్డుని రికార్డు చేసే కెమెరా. నా మొదటిది లోపల లిథియం బ్యాటరీ ఉన్నది, రోహిణి కార్తె ఎండకి అద్దం దగ్గరే ఉబ్బిపోయింది. ఇప్పుడున్నది బ్యాటరీ బదులు కరెంటు దాచుకునే కెపాసిటర్ ఉన్నది, దానికి వేడి బాధ తక్కువ. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. కుదుపు తగిలితే ఆ వీడియో చెరిగిపోకుండా లాక్ చేసే సెన్సర్ ఒకటుంటుంది. మన గోతుల రోడ్ల మీద అది ప్రతి గోతినీ యాక్సిడెంట్ అనుకుంటుంది! లాక్ అయిన క్లిప్పులతో కార్డు నిండిపోయి, అసలు కావాల్సిన రోజున రికార్డింగే ఉండదు. సెట్టింగుల్లో దాన్ని బాగా తగ్గించి పెట్టండి, కార్డు కూడా పదేపదే రికార్డు చేసినా తట్టుకునే హై ఎండ్యూరెన్స్‌దే వెయ్యండి. రావులపాలెంలో సందులోంచి దూసుకొచ్చి బంపర్ గీరిన బైకు కుర్రాడు తప్పు నాదేనని కేకలేస్తుంటే, అక్కడికక్కడే ఫోన్‌లో వీడియో చూపించాను. గొడవ అంతటితో ఆగింది.

ఫోన్ హోల్డర్ అద్దానికి అతికేది వద్దు, వేసవిలో ఊడి పడుతుంది. ఏసీ వెంట్‌కి హుక్కుతో బిగించేది తీసుకోండి. మ్యాపూ, చార్జింగూ, ఎండా కలిసి ఫోన్ కాలిపోయి స్క్రీన్ మసకబారే వేళ, ఆ చల్లగాలే దాన్ని కాపాడుతుంది. చార్జర్‌కి రెండు పోర్టులుండాలి, వెనక సీటు దాకా అందే పొడుగు కేబుల్ కూడా ఉండాలి. గల్ఫ్ వెళ్లేవాళ్లని శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లేటప్పుడు దారి పొడుగునా అది వాళ్ల చేతిలోనే ఉంటుంది.

సీటు మసాజర్లూ, రంగు లైట్లూ కొన్నవాళ్లని చూశాను, డబ్బు దండగ. ఆ డబ్బుతో డిక్కీలోకి అంచులున్న రబ్బరు ట్రే కొనుక్కోండి. వరదల రోజుల్లో పులస బాక్సు ఎక్కించేవాళ్లు ఉండనే ఉంటారు. ఐసు కరిగిన నీళ్లు కార్పెట్‌లోకి దిగాయంటే ఆ వాసన వారాలకొద్దీ వదలదు, తర్వాత ఎక్కినవాళ్లు స్టార్లు తగ్గించేస్తారు. ట్రే ఉంటే తీసి బోరింగు కింద కడిగేస్తే చాలు.