ఇంట్లో ‘3018’ సీఎన్‌సీ రౌటర్: బిగింపు, మట్టం, పనితనం

చెక్క మీద పేర్లు చెక్కడానికీ, రాగి పూత బోర్డు మీద సర్క్యూట్ గీయడానికీ ఇంట్లో పెట్టుకోదగిన చవకైన యంత్రాల్లో ‘3018’ రకం సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ ఆదేశాల ప్రకారం కదులుతూ చెక్కే యంత్రం) ఒకటి. పనిస్థలం సుమారు 300 మిల్లీమీటర్ల పొడవు, 180 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది కనుక ఆ పేరు వచ్చింది. దాదాపు ఇదే నమూనాను పలు కంపెనీలు వేర్వేరు పేర్లతో అమ్ముతున్నాయి. నేను కొన్నది విడిభాగాలుగా వచ్చింది. అల్యూమినియం చట్రం, యంత్రాన్ని కొద్దికొద్దిగా కదిపే స్టెప్పర్ మోటార్లు, బిట్‌ను (చెక్కే మొనను) తిప్పే 775 మోటారు స్పిండిల్, జీఆర్‌బీఎల్ అనే ప్రోగ్రాముతో నడిచే కంట్రోల్ బోర్డు అన్నీ ధరకు తగ్గట్టే ఉన్నాయి. వెంట వచ్చిన చిన్న పుస్తకం మాత్రం ఏ బోల్టు ఎక్కడ బిగించాలో బొమ్మలతో చూపించి ఊరుకుంది. చట్రాన్ని మూలమట్టానికి ఎలా తేవాలో ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

బోల్టులను మొదట వదులుగానే ఉంచి, చట్రాన్ని వంటింటి గ్రానైట్ గట్టు వంటి చదునైన చోట పెట్టి, ఎదురెదురు మూలల మధ్య దూరాలు రెండూ సమానమయ్యాకే గట్టిగా బిగించాలి. చాలామంది వెంటనే రసమట్టం అందుకుంటారు గాని, దానితో ఇక్కడ పెద్దగా పని లేదు. బల్ల నేలకు సమతలంగా ఉందా లేదా అన్నది ముఖ్యం కాదు. స్పిండిల్ అటూ ఇటూ కదిలే తలానికి అది సమాంతరంగా ఉండాలి. అందుకు తేలికైన ఉపాయం, బల్ల మీద ఎండీఎఫ్ (చెక్కపీచును అదిమి చేసిన) పలక బిగించి, దాని పైపొరను ఆ యంత్రంతోనే పలుచగా చెక్కించడం. ఈ మోటారు బలానికి వెడల్పాటి బిట్ తగదు కనుక, చిన్న బిట్‌తో నిదానంగా చెక్కించాలి. ఆ తరువాత పలక మీద గోరు అడ్డంగా లాగితే వరుసకూ వరుసకూ మధ్య మెట్టు తగిలిందంటే స్పిండిల్ ఒరిగి ఉన్నట్టే. నా యంత్రంలో స్పిండిల్ పట్టు వెనక కూల్‌డ్రింక్ డబ్బా నుంచి కత్తిరించిన రేకు ముక్క దూర్చితే ఆ మెట్టు పోయింది.

పేర్లు చెక్కడానికి ఇంతమాత్రం చాలు, సర్క్యూట్ బోర్డులకు చాలదు. బోర్డు మీద రాగి పొర మందం సాధారణంగా 0.035 మిల్లీమీటర్లు. బిట్ కింద కాగితం పెట్టి ఎత్తు సరిచూసుకునే పద్ధతి అందరికీ అలవాటే గాని, ఆ కాగితమే సుమారు 0.1 మిల్లీమీటరు, అంటే రాగి పొరకు దాదాపు మూడింతలు. పైగా 30 డిగ్రీల వి-బిట్ (మొన ‘V’ ఆకారంలో ఉండే బిట్) 0.1 మిల్లీమీటరు ఎక్కువ లోతుకు దిగితే గీత 0.05 మిల్లీమీటర్లకు పైగా వెడల్పవుతుంది; సన్నని గీతల మధ్య అది చిన్న తేడా కాదు. ఈ చిక్కుకు, యంత్రాన్ని కంప్యూటర్ నుంచి నడిపే క్యాండిల్ సాఫ్ట్‌వేర్‌లోని హైట్ మ్యాప్ మంచి విరుగుడు. ఒక వైరు బిట్‌కూ, ఇంకొకటి రాగికీ తగిలిస్తే, యంత్రం బోర్డును అనేక చోట్ల తాకి ఎత్తుపల్లాలను నమోదు చేసుకుని, చెక్కేటప్పుడు లోతును వాటికి అనుగుణంగా సరిచేసుకుంటుంది. అసలు ఈ యంత్రం కొనవచ్చునని నేను చెప్పడానికి ప్రధాన కారణం ఈ సదుపాయమే.

శబ్దం మాత్రం ఎక్కువే; అపార్టుమెంట్లలో రాత్రిపూట నడిపే వీలుండదు. ఎండీఎఫ్ పొడి, బోర్డులోని గాజునార పొడి ఊపిరితిత్తులకు హాని చేస్తాయి కనుక మాస్కు, వాక్యూమ్ క్లీనర్ ఖర్చులను కూడా ధరలో కలుపుకోవాలి. అదురుకు బోల్టులు సడలుతాయి కనుక అప్పుడప్పుడు అలెన్ కీతో సరిచూసుకోవాలి. చెక్కకూ, సర్క్యూట్‌కూ దీన్ని నిస్సందేహంగా కొనవచ్చు. అల్యూమినియం కోయాలనుకునేవారు ఇంకొంత డబ్బు కూడబెట్టి దీనికన్నా బరువైన చట్రం ఉన్న యంత్రాన్ని చూసుకోవడం మంచిది.