‘మరుగున పడ్డ బాధితుల’ టూరట! బెర్లిన్ వచ్చేవాళ్లు జాగ్రత్త

ఒళ్లు మండిపోతోంది, అందుకే ఇల్లు చేరీ చేరగానే రాస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి.

టూర్ వాళ్ల పేరు చెప్పను. ఇక్కడి మనవాళ్లకి చెప్పక్కర్లేదు కూడా. ఊరి నుంచి చుట్టాలొస్తే అందరం బుక్ చేసేది వాళ్ల దగ్గరేగా. ఈమధ్య కొత్తగా ఒక స్పెషల్ పెట్టారు. హోలోకాస్ట్‌లో, అంటే నాజీలు చేసిన సామూహిక హత్యాకాండలో, ఎవరూ చెప్పనివాళ్ల కథలట. రోమా, సింతీ జనం (జిప్సీలని పిలిచేది వీళ్లనే), స్వలింగ సంపర్కులు, ‘బతికి దండగ’ అని నాజీలు చంపేసిన వికలాంగులు, మానసిక రోగులు. నాలుగు స్మారకాలు, నాలుగు గంటలు, మనిషికి 39 యూరోలు. అమ్మ, నాన్న, నేను కలిపి 117. నాన్న ముప్పై ఏళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పారు. ఈ జనం గురించి పాఠంలో ఒక్క వాక్యమే ఉండేదని ఎప్పుడూ అంటుంటారు. అందుకని ఎగబడి కొన్నాను.

గంటన్నర పెద్ద స్మారకం దగ్గరే గడిచిపోయింది. అదే, 2,711 కాంక్రీటు దిమ్మెలున్నది. దానికి నాకేం అభ్యంతరం లేదు, అరవై లక్షల మంది యూదుల కోసం కట్టిన చోట ఎంతసేపు నిలబడ్డా తక్కువే. కానీ అది చూపించడానికి వాళ్ల దగ్గర వేరే టూరే ఉంది, దానికి టికెట్ కూడా చవక!

రోడ్డు దాటి స్వలింగ సంపర్కుల స్మారకం దగ్గర రెండంటే రెండు నిమిషాలు. "ఈ కిటికీలో వీడియో వస్తుంది, ఫొటో తీసుకోండి." అంతే. మగవాళ్ల స్వలింగ సంపర్కాన్ని నేరమనే 175వ సెక్షన్, నాజీలు కఠినం చేసినది, పశ్చిమ జర్మనీలో 1969 దాకా అలాగే ఉందని, యుద్ధం అయ్యాక కూడా అదే సెక్షన్ కింద మనుషుల్ని జైల్లో పెట్టారని ఒక్క ముక్క లేదు.

ఇక రోమా, సింతీల స్మారకం. పార్లమెంటు పక్కన చెట్ల మధ్య గుండ్రటి నల్లటి నీళ్ల కొలను. మధ్యలో మూడు మూలల రాయి, దాని మీద రోజూ ఒక తాజా పువ్వు పెడతారు. చుట్టూ నేల మీది రాళ్లలో కొన్నిటి మీద క్యాంపుల పేర్లు చెక్కి ఉంటాయి. నాన్న వంగి ఒక్కొక్కటీ చదువుతున్నారు. గైడ్ ఫోన్ చూసుకుంటున్నాడు. "వీళ్లనెందుకు చంపారండీ?" అని నాన్న ఇంగ్లీషులో చాలా మర్యాదగా అడిగారు. ఆ మహానుభావుడు తల కూడా ఎత్తకుండా, "జిప్సీలు కదా, చాలామంది దొంగతనాల కేసుల్లో లోపలికెళ్లినవాళ్లే. యూదుల విషయం వేరు" అన్నాడు. పైగా నవ్వుతూ, "వాళ్లు మీ ఇండియా నుంచే వచ్చారుగా, మీకే బాగా తెలియాలి!"

నాన్న మొహం చూడలేకపోయాను.

బాబూ, 1944 ఆగస్టు 2 రాత్రి ఆష్విట్జ్-బిర్కెనౌ అనే నాజీ క్యాంపులో నాలుగు వేల మందికి పైగా రోమా, సింతీలను గ్యాస్ చాంబర్లకి పంపారు. అక్కడ మిగిలినవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు, ఆడవాళ్లు, చిన్నపిల్లలు. వాళ్లంతా ఏ దొంగతనం చేశారు? ఈ గైడ్ అన్న మాటే 1956లో పశ్చిమ జర్మనీ అత్యున్నత కోర్టు తీర్పులో రాసింది. 1943కి ముందు జరిగింది జాతి వివక్ష కాదంటూ పరిహారం ఎగ్గొట్టింది. 1963లో ఆ తీర్పు కొంత మార్చుకున్నారు. అది జాతి నిర్మూలనే అని ప్రభుత్వం ఒప్పుకోవడానికి 1982 వచ్చింది. స్మారకం తెరిచేసరికి 2012. అంత ఆలస్యంగా కట్టిన చోట నిలబడి వీడు మళ్లీ ఆ పాత పాటే!

ఇవన్నీ అక్కడే అనేయాల్సింది. అనలేదు. నోరు పెగల్లేదు. ట్రామ్ ఎక్కాక గుర్తొచ్చాయి అన్నీ, ఎప్పుడూ ఇంతే నా బతుకు.

నాలుగో చోటు, ఆ వికలాంగుల, మానసిక రోగుల స్మారకం, అసలు చూపించనే లేదు. "అటు నడక ఎక్కువ, చలిగా ఉంది" అని రెండుంబావు గంటలకే బీరు షాపు ముందు వదిలేశాడు. అమ్మ వచ్చిందే దానికోసం. మా చిన్న మామయ్యకి పుట్టినప్పటి నుంచీ మాట రాదు. నాజీలు ఇక్కడి టియర్‌గార్టెన్‌స్ట్రాసె అనే వీధిలో 4 నంబరు ఇంట్లో కూర్చుని ఫారాల మీద టిక్కులు పెట్టి, 1940, 41ల్లో అలాంటివాళ్లని డెబ్భై వేల మందిని చంపించారు. ఇంటివాళ్లకేమో న్యుమోనియా అనో ఇంకేదో అనో దొంగ ఉత్తరాలు రాశారు. ఇప్పుడక్కడ నీలం అద్దాల గోడ ఉంది. అమ్మ ఏమీ అనలేదు, "పోనీలేమ్మా, కాళ్లు నొప్పులు" అంది.

డబ్బు వెనక్కివ్వమని ఫోన్ చేస్తే, "మేడమ్, వీటి కోసం ఎవరూ రారు, పెద్ద స్మారకం చూపించాంగా" అంది అవతలి అమ్మాయి. ఎవరూ రాకపోతే ఆ పేరు పెట్టి 39 ఎందుకు గుంజుతున్నారు తల్లీ? తప్పు నాదే లెండి. ఫైవ్ స్టార్ రివ్యూలు సగం చివర్లో ఇచ్చే బీరు గురించే ఉన్నాయి, అప్పుడైనా బుర్ర వెలగలేదు.

అన్నట్టు, ఈ నాలుగు చోట్లకీ టికెట్టే లేదు. అన్నీ ఆరుబయటే. బ్రాండెన్‌బర్గ్ గేటు దగ్గర దిగి మీరే నడవండి, బోర్డులు ఇంగ్లీషులో కూడా ఉంటాయి. నీలం గోడ ఫిల్‌హార్మనీ అనే సంగీత కచేరీల హాలు పక్కనే. రేపు పొద్దున అమ్మని అక్కడికి తీసుకెళ్తున్నా, ఈసారి ఫ్లాస్కులో టీ పోసుకుని.