స్టోన్‌హెంజ్, ఏవ్‌బరీ, కార్డిఫ్: డ్రూయిడ్ల జాడ ఎంతవరకు నిజం?

ఇంగ్లండ్‌లోని ప్రాచీన రాతి వలయం స్టోన్‌హెంజ్ చూడాలంటే సాలిస్‌బరీ రైల్వే స్టేషన్‌కు దగ్గర్లో గది తీసుకోండి. టూర్ బస్సు స్టేషన్ బయటే ఎక్కొచ్చు. మామూలు రోజుల్లో రాళ్లను దూరం నుంచే చూడాలి. జూన్‌లో ఆయనాంతం (ఏడాదిలో పగలు అతి పొడవుగా ఉండే రోజు) రాత్రి మాత్రం ప్రవేశం ఉచితం, రాళ్ల మధ్యకే వెళ్లనిస్తారు. అప్పుడు వెళ్లేవాళ్లు గది చాలా ముందే చూసుకోవాలి.

అక్కడ నాకు కోపం తెప్పించింది ఓ గైడ్ చెప్పిన కథ. డ్రూయిడ్లు (ప్రాచీన కెల్టిక్ జాతుల పూజారులు) కట్టిన గుడి, అయిదు వేల ఏళ్లుగా ఆగని పూజ అంటూ ఒక గుంపుకు చెప్పుకుపోతున్నాడు. ఆ పెద్ద రాళ్లు నిలబెట్టింది క్రీ.పూ. 2500 ప్రాంతంలో. డ్రూయిడ్ల గురించి రోమన్ సేనాని జూలియస్ సీజర్ రాసింది క్రీ.పూ. 1వ శతాబ్దంలో. మధ్యలో రెండు వేల ఏళ్లకు పైగా ఖాళీ! ఈ రెంటికీ ముడి వేసింది 17వ శతాబ్దపు పురాతన విషయాల పరిశోధకుడు జాన్ ఆబ్రే. 1740లో అలాంటి మరో పరిశోధకుడు విలియం స్టూక్లీ పుస్తకంతో అది జనంలో పాతుకుపోయింది. నేటి పేగన్లు (క్రైస్తవానికి ముందటి ప్రకృతి ఆరాధనను అనుసరిస్తామనేవాళ్లు) జరుపుకునే ఎనిమిది పండుగల చక్రం కుదిరింది 1950లలో. వాటిలో సావిన్ (నవంబరు మొదట్లో), బెల్టేన్ (మే మొదట్లో) వంటి నాలుగింటికి మాత్రం మధ్యయుగపు ఐరిష్ గ్రంథాల్లో ఆధారముంది. చలిలో సూర్యోదయం కోసం నిలబడేవాళ్ల భక్తిని నేను శంకించను. కొత్త పూజకూ విలువ ఉంటుంది. దానికి లేని వయసు అంటగట్టడమే తప్పు.

ఇంకో ప్రాచీన రాతి వలయమున్న ఊరు ఏవ్‌బరీ నాకు ఎక్కువ నచ్చింది. వలయంలోకి టికెట్ లేదు, రాళ్లను తాకొచ్చు, భోజనానికి వలయంలోనే రెడ్ లయన్ పబ్ ఉంది. స్విండన్ నుంచి 49 నంబరు బస్సు వస్తుంది. 1930లలో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ కీలర్ పడిపోయిన రాళ్లను మళ్లీ నిలబెట్టించాడు. పోయిన రాళ్ల చోట నకిలీవి పెట్టకుండా పొట్టి కాంక్రీటు దిమ్మెలు పాతించాడు. ఏది పాతదో, ఏది లేదో చూడగానే తెలిసిపోతుంది. ఈ నిజాయితీకి చేతులెత్తి మొక్కాలనిపించింది.

వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో నేషనల్ మ్యూజియం ముందున్న గోర్సెడ్ గార్డెన్స్‌లో ఓ రాతి వలయం ఉంది. ఆదిమకాలం నాటిదనే అనుకుంటాం. అది 1899లో ఐస్టెడ్‌వొడ్ అనే వేల్స్ కవితా, సంగీత ఉత్సవానికి కట్టింది. ఆ ఉత్సవంలోని గోర్సెడ్ (కవుల సభ) సంప్రదాయానికి మూలపురుషుడు యోలో మోర్గనుగ్ అనే రాతిపనివాడు, కవి. 1792లో లండన్‌లోని ప్రిమ్‌రోజ్ హిల్ మీద చిన్న రాళ్లు వలయంగా పేర్చి, ప్రాచీన కవుల ఆచారమని ప్రకటించాడు. పాత వ్రాతప్రతులంటూ తానే రాసినవి చాలా ఉన్నాయని 20వ శతాబ్దపు పండితులు తేల్చారు. ఆయన కూర్చిన ప్రార్థనను డ్రూయిడ్ బృందాలు నేటికీ చదువుతాయి. అయినా ఆ కల్పన వేల్స్ భాషకు గొప్ప ఊపునిచ్చింది. ఆ సంగతి చెప్పే ఒక పెద్ద ఫలకం అక్కడ ఉంటే ఆయన గౌరవం పెరుగుతుందే తప్ప తగ్గదు.

సాలిస్‌బరీ నుంచి కార్డిఫ్‌కు నేరుగా రైలుంది, సుమారు రెండు గంటలు. మ్యూజియం ప్రవేశం ఉచితం. తీరిక ఉంటే ముందు కార్డిఫ్ చూసి, తర్వాత స్టోన్‌హెంజ్‌కు రండి. గైడ్‌ను ఏమడగాలో అప్పటికి మీకే తెలుస్తుంది.