డీఎస్సీ ఆన్‌లైన్ కోర్సు: పాఠాలు బాగున్నాయి, ధరే ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా ఉంది

ప్రాథమిక పాఠశాల టీచరు పోస్టు (ఎస్జీటీ) కోసం దాదాపు ఏడాది పాటు ఒకే యాప్‌లో చదివాను. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ టీచర్ల నియామకానికి పెట్టిన మెగా డీఎస్సీ పరీక్ష రాసేదాకా అదే వాడాను. చదువు సంగతి ఎవరు అడిగినా తీసుకోమనే చెబుతాను. ధర దగ్గర మాత్రం ఆ కంపెనీ చేస్తున్నది అన్యాయం. యాప్ పేరు రాయడం లేదు, ఎందుకంటే మా హాస్టల్లో వేరే యాప్‌లు వాడినవాళ్ల దగ్గర కూడా దాదాపు ఇదే కథ విన్నాను.

ముందు బాగున్నది చెబుతాను. పగలు ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పి, సాయంత్రం గదికొచ్చి చదువుకునేదాన్ని. అవనిగడ్డ వెళ్లి నెలల తరబడి ఉండి కోచింగ్ తీసుకునే వీలు నాకు లేదు. సైకాలజీ చెప్పిన సార్ పాఠం ఇప్పటికీ గుర్తుంది. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పే పియాజె సిద్ధాంతంలో పదిలపరచుకునే భావన, అంటే పాత్ర మారినా నీళ్లు అంతే ఉంటాయన్న అవగాహన, చెప్పేటప్పుడు పొడుగు గ్లాసు, వెడల్పు గ్లాసు రెండూ కెమెరా ముందు పెట్టి, నీళ్లు ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి పోసి చూపించారు. మర్నాడు మా స్కూల్లో ఒకటో తరగతి పిల్లల ముందు నేనూ అదే చేశాను. పొడుగు గ్లాసులోనే ఎక్కువ ఉన్నాయని సగం మంది అరిచారు. ఆ తర్వాత ఆ చాప్టర్‌లో నాకు ఒక్క బిట్టు కూడా పోలేదు. టెస్ట్ సిరీస్ కూడా గట్టిదే. 160 బిట్లు, రెండున్నర గంటలు, అసలు కంప్యూటర్ పరీక్షలో ఉన్నట్టే స్క్రీన్. వీడియోలు డౌన్‌లోడ్ చేసుకుంటే ఉద్దానంలో మా ఊరెళ్లినప్పుడు సిగ్నల్ లేకపోయినా ఆడేవి. డౌట్లకు జవాబు మాత్రం ఆలస్యంగా వచ్చేది.

ఇక ధర. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఈ కోర్సు 2,499 రూపాయలని చూశాను. ఎన్నికలొచ్చి ఆ డీఎస్సీ ఆగిపోయాక 1,499కి దిగింది. జూన్ 13న చంద్రబాబు మెగా డీఎస్సీ ఫైలు మీద తొలి సంతకం పెట్టారు, పోస్టులు 16,347 అన్నారు. కొద్దిరోజుల్లోనే అది 3,499 అయి కూర్చుంది. వీడియోలు అవే, సార్లు వాళ్లే, పీడీఎఫ్‌లు అవే. పైన గీత కొట్టేసిన ధర మాత్రం ఎప్పుడు చూసినా 7,999. ఆ 7,999 కట్టి కొన్నవాళ్లు నాకు ఇంతవరకు ఒక్కరూ తగల్లేదు.

గిరాకీ ఉన్నప్పుడు ధర పెంచుకున్నారంటే సరే అనుకుంటాను. ఒకే రోజు, ఒకే గదిలో, ఒకే కోర్సుకు నాలుగు ధరలు ఎలా ఉంటాయి? శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ దగ్గర మా హాస్టల్లో ఒక రాత్రి అందరం ఫోన్లు పక్కపక్కన పెట్టి చూశాం. నా ఫోన్‌లో 3,499. అప్పుడే యాప్ వేసుకున్న నరసన్నపేట అమ్మాయికి 2,799. "ఏటక్కా, నా దాన్లో తక్కువ చూపిస్తంది, అదే కోర్సేటి?" అని తను నమ్మలేక నన్ను అడిగింది. కంపెనీ వెబ్‌సైట్‌లో 2,999. ఇంకొకామె అన్నయ్య ఐఫోన్‌లో 4,299. ఐఫోన్ సంగతికి ఒక కారణం ఉంది. యాప్‌లోనే డబ్బు కడితే అందులో 15 నుంచి 30 శాతం దాకా ఆపిల్ కమీషన్ తీసుకుంటుంది, కంపెనీలు దాన్ని మన మీద వేస్తాయి. మిగతా మూడు ధరలకు మాత్రం ఎవరూ కారణం చెప్పలేదు.

ఏ ధర నొక్కినా చివరి స్క్రీన్‌కు వెళ్లేసరికి 18 శాతం జీఎస్టీ కలిసేది. 3,499 అనుకుని వెళ్తే కట్టాల్సింది 4,129. పక్కన ఎర్రటి గడియారం, ఆఫర్ ఇంకో పది నిమిషాలే అని లెక్కపెడుతూ ఉంటుంది. యాప్ మూసి మళ్లీ తెరిస్తే మళ్లీ పది నిమిషాల నుంచే మొదలు. పరీక్ష టెన్షన్‌లో ఉన్నవాళ్ల ముందు ఆ గడియారం పెట్టడం నాకు చాలా బాధ కలిగించింది.

కొనకుండా వదిలేసిన మర్నాడు ఫోన్ వచ్చింది. "మేడమ్, మా మేనేజర్‌తో మాట్లాడి మీకోసమని 2,199 చేయించాను, సాయంత్రం ఆరు వరకే." జీఎస్టీతో కలిపేనా అని అడిగాను. "అది సిస్టమ్ వేసుకుంటుంది మేడమ్." అలా నాకు 2,595 పడింది. అదే వారంలో మా హాస్టల్లోనే ఉన్న పలాస అమ్మాయి 4,129 కట్టేసింది. వాళ్లమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. ఆ అమ్మాయికి బేరం ఆడొచ్చనే తెలీదు, స్క్రీన్ మీద ఉన్నదే ధర అనుకుంది. ఎవరైనా అలాగే అనుకుంటారు. ఎదురుచూసి కూర్చున్నవాళ్లకు తగ్గించి, నమ్మి వెంటనే కట్టినవాళ్ల దగ్గర ఎక్కువ తీసుకునే పద్ధతి ఇది. రైతుబజార్లో కిలో వంకాయలకు కూడా బోర్డు మీద ఒక ధర రాసి ఉంటుంది, కలెక్టర్ గారొచ్చినా కూలీ వచ్చినా అదే.

అసలు దెబ్బ గడువు దగ్గర తగిలింది. నాకు ఇచ్చింది ఆరు నెలలు. 2025 జనవరిలో అయిపోయింది, అప్పటికి నోటిఫికేషన్ ఊసే లేదు. అది వచ్చింది ఏప్రిల్ 20న, పరీక్షలు మొదలైంది జూన్ 6న. నా తర్వాత కొన్న కొందరికి మాత్రం 'పరీక్ష వరకు' అని ఇచ్చారు. టెస్టులు సగంలో ఉన్నాయి కాబట్టి నేను రెన్యువల్‌కు 2,799 కట్టాను. అదే రోజు యూట్యూబ్‌లో ఒక సార్ ఇచ్చిన కూపన్‌తో కొత్తవాళ్లకు 1,999. పాత విద్యార్థికి ఎక్కువ, కొత్త విద్యార్థికి తక్కువ ఎందుకని చాట్‌లో అడిగితే, ఆఫర్లు వ్యక్తిని బట్టి మారతాయని జవాబిచ్చారు.

అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. నాకు వాళ్ల దగ్గరే చాలా విషయాలు తెలిశాయి, తర్వాత నేనూ చదువుకున్నాను. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం పన్నులతో కలిపి మొత్తం ధర ఒకే అంకెగా చూపించాలి, ఒకే తరగతికి చెందిన వినియోగదారుల మధ్య వివక్ష చూపకూడదు. 2023 నవంబర్‌లో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను బురిడీ కొట్టించే స్క్రీన్ ఎత్తుగడలు) మార్గదర్శకాలు దొంగ తొందర పెట్టడాన్నీ, చివర్లో ఛార్జీలు బయటపెట్టడాన్నీ నిషేధించాయి. 2024 నవంబర్‌లో కోచింగ్ సంస్థల ప్రకటనల మీద విడిగా మార్గదర్శకాలు వచ్చాయి. చట్టం లేక జరుగుతున్నది కాదు ఇదంతా.

ఫిర్యాదు పెట్టాక కంపెనీ కదిలింది. గడువును పరీక్ష దాకా పొడిగించారు. తేడా 800 మాత్రం బ్యాంకు ఖాతాలో వేయలేదు, యాప్‌లో కాయిన్లుగా వేశారు. ఆ కాయిన్లు ఇంకో కోర్సు కొంటేనే చెల్లుతాయి, నెల దాటితే పోతాయి. డబ్బే కావాలని మళ్లీ రాశాను, జవాబు రాలేదు.

ఇప్పుడు కొనబోయే చెల్లెళ్లు, తమ్ముళ్లు యాప్‌తో పాటు వెబ్‌సైట్ ధర కూడా చూడండి. గడువు ఏ తేదీ వరకో ముందే రాతపూర్వకంగా అడగండి. గడియారం చూసి కంగారు పడకండి, ఆ ఆఫర్ రేపూ ఉంటుంది. కట్టిన రోజే చివరి స్క్రీన్ ఫోటో తీసి, జీఎస్టీ బిల్లు మెయిల్‌కు తెప్పించుకోండి. నా ఫిర్యాదు నిలబడింది ఆ బిల్లు వల్లే. కంటెంట్ (స్కూలు సబ్జెక్టులు) కోసం పాఠ్యపుస్తకాలు, వాటిని తయారుచేసే రాష్ట్ర సంస్థ ఎస్సీఈఆర్‌టీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, వాటికి విడిగా డబ్బు కట్టకండి.

కంపెనీవాళ్లు చదువుతుంటే ఒకటే అడుగుతున్నాను. జీఎస్టీతో కలిపిన ధర, గడువు ముగిసే తేదీ, రెండూ మొదటి స్క్రీన్ మీదే పెట్టండి, పలాసలో తెరిచినా హైదరాబాద్‌లో తెరిచినా అదే కనిపించాలి. ఆ పని చేసిన రోజు నా రేటింగ్ మారుస్తాను. ప్రస్తుతానికి ఐదుకి మూడు, ఆ మూడూ సైకాలజీ సార్‌కు, టెస్ట్ సిరీస్‌కు.