న్యూయార్క్‌లో పాత జాజ్ క్లబ్బుల వెంట: ఏది చూడాలి, ఏది వదిలేయొచ్చు

న్యూయార్క్ 52వ వీధి పేరు విని ఆ చుట్టుపక్కలే హోటల్ తీసుకోవాలనుకునే జాజ్ అభిమానులకు ముందే చెప్తున్నా, అక్కడ ఏమీ మిగల్లేదు. ఐదో అవెన్యూ నుంచి ఏడో అవెన్యూ వైపు నడిస్తే రెండు పక్కలా ఆఫీసు టవర్లే. వీధి పేరు రాసిన స్తంభం మీద 'స్వింగ్ స్ట్రీట్' అని ఇంకో చిన్న బోర్డు ఉంటుంది. ఫొటో దిగాలంటే అదొక్కటే.

1930ల నుంచి 1940ల చివరి దాకా ఓనిక్స్, ఫేమస్ డోర్, త్రీ డ్యూసెస్, స్పాట్‌లైట్ లాంటి క్లబ్బులన్నీ ఈ కాస్త దూరంలోనే పక్కపక్కన ఉండేవి. పాత రాతి ఇళ్ళ కింది అంతస్తుల్లో నడిచేవి. మద్యనిషేధం రోజుల్లో దొంగచాటు బార్లుగా ఉన్న చోట్లే కొన్ని 1933లో నిషేధం ఎత్తేశాక బోర్డులు పెట్టుకుని క్లబ్బులయ్యాయి. ఒక గుమ్మంలో ఆర్ట్ టేటమ్ పియానో వింటే ఇంకో గుమ్మంలో బిల్లీ హాలిడే పాట వినొచ్చు. 1948లో విలియం గాట్లీబ్ ఈ వీధిని రాత్రిపూట తీసిన రంగుల ఫొటో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని ఫోన్‌లో పెట్టుకుని వెళ్ళండి. తడిసిన రోడ్డు మీద నియాన్ బోర్డుల వెలుగు కనిపిస్తుంది అందులో. తల ఎత్తితే మాత్రం అద్దాల గోడలే. ఇరవై నిమిషాలు చాలు ఈ వీధికి.

అక్కడి నుంచి బ్రాడ్‌వే మీదికి వెళ్తే 1678వ నంబరు. పాత బర్డ్‌ల్యాండ్ ఇక్కడే, 1949 డిసెంబరులో తెరిచారు. 'బర్డ్' అని పిలుచుకునే శాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్ పేరే దానికి పెట్టారు. మొదట్లో పంజరాల్లో నిజం పిచ్చుకల్ని కూడా ఉంచారట. ఆ పొగలో అవెన్నాళ్ళు బతికుంటాయి పాపం! 1959 ఆగస్టులో ఈ క్లబ్బు బయటే, సెట్ల (కచేరీ విడతల) మధ్య విరామంలో ఫుట్‌పాత్ మీద నిలబడ్డ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్‌ను పోలీసులు తల పగిలేలా కొట్టారు. తలుపు పైన కళాకారుడిగా ఆయన పేరే ఉంది. అయినా 'ఇక్కడ నిలబడకు, కదులు' అన్నారు. ఆ క్లబ్బు 1965లో మూతపడింది. అదే పేరుతో 44వ వీధిలో ఇప్పుడున్నది వేరే చోటు. కూర్చోడానికి సుఖం, భోజనం దొరుకుతుంది, పెద్దవాళ్ళను తీసుకెళ్ళడానికి బాగుంటుంది. చరిత్ర కోసమైతే వెళ్ళక్కర్లేదు.

ఆ రోజుల్లో మద్యం అమ్మే చోట పాడాలన్నా వాయించాలన్నా పోలీసులిచ్చే క్యాబరే కార్డు ఉండాలి. 1940 నుంచి 1967 దాకా ఈ పద్ధతి నడిచింది. మత్తుమందుల కేసు పడితే కార్డు పోయేది. 1947లో బిల్లీ హాలిడే కార్డు పోయింది. కార్నెగీ హాల్లో పాడొచ్చు గానీ, ఊళ్ళో ఏ క్లబ్బులోనూ పాడకూడదు. పియానిస్టు థెలోనియస్ మంక్‌కు 1951 నుంచి 1957 దాకా కార్డు లేదు. పన్ను గొడవ ఇంకొకటి. 1944లో డాన్సు, పాట ఉన్న చోట బిల్లు మీద పన్ను వేశారు, మొదట 30 శాతం, కొద్ది నెలలకే 20. ఒట్టి వాద్యాలు వాయిస్తే పన్ను లేదు. అందుకే చాలా క్లబ్బుల్లో డాన్సు ఫ్లోర్ పోయి కుర్చీలు వచ్చాయి. మనం ఇవాళ నోరు మూసుకుని కూర్చుని జాజ్ వినడంలో ఆ పన్ను పుణ్యం కొంత ఉంది.

ఇక బస. మొదటి రాత్రి మిడ్‌టౌన్‌లో ఒక హోటల్లో దిగాం. గది సరిగ్గా మంచమంత ఉంది. రేటు కాక 'డెస్టినేషన్ ఫీజు' అని రోజుకింత వేశారు, అదేంటని అడిగితే వైఫై, వాటర్ బాటిల్ అన్నారు. మర్నాడే జెర్సీ సిటీలో మా బావమరిది ఇంటికి మారిపోయాం. చుట్టాలు లేకపోయినా జర్నల్ స్క్వేర్ దగ్గర బస చేయమనే నా సలహా. పక్కనే న్యూఅర్క్ అవెన్యూలో ఇడ్లీ, దోసె, బిర్యానీ అన్నీ ఉన్నాయి. జెర్సీ నుంచి నది కింద న్యూయార్క్‌కు నడిచే పాత్ రైలెక్కితే క్రిస్టఫర్ స్ట్రీట్‌లో దిగొచ్చు. రాత్రంతా నడుస్తుంది కానీ, పొద్దుపోయాక హొబోకెన్ చుట్టు తిరిగి వస్తుంది, బండ్ల మధ్య ఎడం కూడా ఎక్కువ.

క్రిస్టఫర్ స్ట్రీట్ నుంచి నాలుగడుగులు వేస్తే 1 షెరిడన్ స్క్వేర్. 1938లో బార్నీ జోసెఫ్‌సన్ తెరిచిన కేఫ్ సొసైటీ ఈ బిల్డింగు కిందే ఉండేది. మిగతా పెద్ద క్లబ్బుల్లో నల్లవాళ్ళు వేదిక మీద కనిపించాలి, బల్లల దగ్గర కనిపించకూడదు. ఇక్కడ అందరూ కలిసే కూర్చునేవాళ్ళు. బయట నుంచి చూసి ముందుకు సాగొచ్చు.

ఎందుకంటే డబ్బు పెట్టాల్సిన చోటు అక్కడికి దగ్గరలోనే ఉంది. సెవెన్త్ అవెన్యూ సౌత్‌లో 178వ నంబరు, విలేజ్ వ్యాన్‌గార్డ్. మ్యాక్స్ గోర్డన్ 1935లో ఇక్కడికి తెచ్చిన క్లబ్బు ఇప్పటికీ అదే సెల్లార్‌లో నడుస్తోంది. ఎర్ర తలుపు తీసుకుని నిటారు మెట్లు దిగాలి. లిఫ్ట్ లేదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆలోచించుకోండి. కింద గది త్రికోణంలా ఉంటుంది, సన్నబడే చివర వేదిక, వెనక ఎర్ర తెర. పట్టేది 123 మంది. బల్లలు ఎంత చిన్నవంటే నా గ్లాసూ బావమరిది గ్లాసూ పెట్టగానే నిండిపోయింది. ఒకప్పటి వంటగదే ఇప్పుడు వాద్యకారులు కూర్చునే గది, అందుకని తినడానికేమీ దొరకదు.

"ఇంత డబ్బు పోసి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కూర్చోబెట్టావేంటి బావా?" అన్నాడు వాడు. టికెట్ 40 డాలర్ల పైచిలుకు, డ్రింక్ ఒకటి తప్పనిసరి, కోక్ అయినా ఫర్వాలేదు. డ్రమ్మర్ బ్రష్‌తో సింబల్ (ఇత్తడి పళ్ళెం) మీద గీసిన చప్పుడు మైకు అక్కర్లేకుండా వెనక బెంచీ దాకా వచ్చేసరికి వాడు మాట ఆపేశాడు. 1961 జూన్ 25న, ఆదివారం, పియానిస్టు బిల్ ఎవాన్స్ త్రయం ఇక్కడే రికార్డు చేసింది. గ్లాసుల గలగల, జనం గుసగుసలు ఆ రికార్డులో వినపడుతూనే ఉంటాయి. పదకొండు రోజులకు వాళ్ళ బాసిస్టు స్కాట్ లఫారో కారు ప్రమాదంలో పోయాడు. ఆ నవంబరులో శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ కూడా ఇక్కడే రికార్డు చేశాడు. ఇప్పుడు సెట్ నడుస్తుండగా మాట్లాడితే, ఫోన్ తీస్తే ఊరుకోరు. కఠినమే అయినా నాకు నచ్చింది.

హార్లెమ్‌లో 118వ వీధిలో మింటన్స్ ప్లేహౌస్ ఉండేది, సెసిల్ హోటల్ కింద. 1938లో తెరిచారు. సోమవారం రాత్రి వాద్యకారులకు ఉచిత భోజనం, ఆ తర్వాత తెల్లవార్లూ జామ్ సెషన్, అంటే ఎవరొస్తే వాళ్ళు కలిసి అప్పటికప్పుడు వాయించడం. జీతం లేకుండా వాయిస్తే వాద్యకారుల యూనియన్ జరిమానా వేసేది, కానీ హెన్రీ మింటన్ స్వయంగా యూనియన్ ప్రతినిధి కావడంతో ఇక్కడ ఆ భయం ఉండేది కాదు. బీబాప్ అనే వేగమైన జాజ్ శైలి రూపం దిద్దుకున్న చోట్లలో ఇదొకటి. బిల్డింగు ఉంది. లోపలి రెస్టారెంటు పలుమార్లు మూసి తెరిచారు కాబట్టి ముందే కనుక్కుని వెళ్ళండి.

ఒక పగలు మిగిలితే 7 నంబరు రైలెక్కి క్వీన్స్‌లోని కరోనాకు వెళ్ళి ట్రంపెట్ వాద్యకారుడు, గాయకుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఇల్లు చూడండి. 1943 నుంచి 1971లో పోయేదాకా ఉన్న మామూలు ఇటుక ఇల్లు. నీలి రంగు వంటగది, గదిలో టేపు రికార్డర్లు ఉన్నవి ఉన్నట్టే ఉంచారు. ఆయన సొంతంగా రికార్డు చేసుకున్న మాటలు గైడ్ వినిపిస్తారు. అదే రైల్లో చివరి స్టేషన్ ఫ్లషింగ్, అక్కడి గణేశుడి గుడి క్యాంటీన్‌లో దోసె తినొచ్చు.

వ్యాన్‌గార్డ్ టికెట్ మాత్రం ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి, వారాంతాలు తొందరగా అయిపోతాయి. వీలైతే సోమవారం వెళ్ళండి. 1966లో థాడ్ జోన్స్, మెల్ లూయిస్ మొదలుపెట్టిన పెద్ద బ్యాండ్ వారసులు ఇప్పటికీ సోమవారాలే వాయిస్తారు. సీటు నంబర్లు ఉండవు, తలుపులు తీసేసరికి వరుసలో ముందుంటే వేదిక పక్క బల్ల దొరుకుతుంది. ఆ బల్ల దగ్గర మాత్రం ట్రంపెట్లు చెవిలోనే వాయించినట్టుంటుంది, నాకైతే మధ్యలో కూర్చోవడమే నయమనిపించింది.